పది లక్షల మూడు

మొన్న గాదె వెనక ఎలుక చచ్చింది. ఆ వాసన తగలగానే వాకిట్లో కూలబడ్డాను. కోడలు కంగారుగా నీళ్లు తెచ్చింది. మా చిన్నతనంలో కర్నూలులో ఆ వాసన వస్తే జనం ఇళ్లు వదిలి పోయేవాళ్లని ఆమెకు తెలియదు. ప్లేగు వచ్చిన ఏడు మేమంతా కల్లూరు చేలల్లో గుడిసెలు వేసుకున్నాం. అక్కడికి చేరీ చేరకముందే మా అమ్మ పోయింది. ఆమె వెనకే తమ్ముడు.

ఆ తరువాత నా నోట మాట రాలేదు. నాన్న మొక్కని దేవుడు లేడు. పక్క గుడిసెలో ఖాదర్ అయ్యవారుండేవారు. బడిలో నాకు లెక్కలు చెప్పింది ఆయనే. ఒక పొద్దున వచ్చి నా ఎదుట కూర్చుని, పుల్లతో నేలమీద పది లక్షల మూడు వేశారు. ఒకటీ, అదీ తప్ప దాన్ని శేషం లేకుండా భాగించే సంఖ్య ఏదీ లేదని తన అనుమానమట. తేల్చుకోలేకపోయారట.

“నాకు కండ్లు సరిగా ఆనడం లే. నువ్వు చూసి చెప్పు పాపా” అన్నారు.

రెండు, మూడు, అయిదు కుదరలేదు. ఏడుతో భాగిస్తే నాలుగు మిగిలింది. పదకొండుతోనూ నాలుగే, పదమూడుతోనూ నాలుగే. మూడుసార్లూ నాలుగే ఎందుకని తలెత్తి ఆయన్ని చూశాను. ఆయన కారణం చెప్పలేదు, నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి నా గొంతు పెగిలింది.

“ఆరు తొమ్మిదులు పక్కపక్కన వేస్తే ఈ మూడింటితోనూ శేషం లేకుండా పోతాది అయ్యవారూ. మనది దానికంటే నాలుగెక్కువ.”

నా గొంతు విని నాన్న పరుగెత్తుకొచ్చాడు. అయ్యవారు మాత్రం ఏమీ జరగనట్టు, ఇక పదిహేడుతో చూడమన్నారు. వెయ్యిలోపు ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలట. అంతకన్నా పెద్దది భాగిస్తే దాని జోడు వెయ్యిలోపే దొరకాలి గదా అని విడమరచి చెప్పారు. చేలగట్టు మీద శవాల బండ్లు పోతుంటే నేను తల వంచుకుని భాగహారాలు చేసుకునేదాన్ని.

కొన్నాళ్లకు ఆయనకే గజ్జల్లో గడ్డ లేచింది. నన్ను లోపలికి రానివ్వలేదు. తడిక బయట నిలబడ్డాను.

“యాడికొచ్చినావు?” అన్నారు లోపలినుంచి.

“ఏడు నూర్లు దాటినా. ఇంకా ఏదీ పోలే.”

“నిలపొద్దు.”

మరునాడు ఆయన పోయారు. ఆ గుడిసెను సామానుతో సహా కాల్చేశారు. ఆయన భార్య రసూల్‌బీ చెల్లెలి గుడిసెకు చేరింది, ఒక్క చుక్క కన్నీరు లేకుండా.

లెక్క ముగిశాక ఆమె దగ్గరికి పోయి, దాన్ని ఏదీ భాగించలేదని చెప్పాను. ఆమెకు లెక్కలు రావు.

“అంటే ఆయన అనుకున్నది నిజమేనా పాపా?”

నిజమే అన్నాను. అప్పుడు ఏడ్చింది.

పెద్దయ్యాక నేనూ లెక్కలే చెప్పాను. ఇంట్లో చావు చూసిన పిల్లలు బడికొచ్చి మూగగా కూర్చునేవాళ్లు. ఓదార్చడం నాకు ఇప్పటికీ చేతకాదు. పక్కన కూర్చుని, నాకూ నిజంగా జవాబు తెలియని లెక్క ఒకటి వాళ్లను అడిగేదాన్ని.