జాంబియాలో నేను కారు నడిపిన ఆదివారం

కాలిఫోర్నియాకి వచ్చిన కొత్తలో, ఎండాకాలం వచ్చేసరికి శాన్ రామన్ చుట్టూ ఉన్న కొండల మీద గడ్డి ఎండి, సింహం జూలు రంగులోకి తిరిగేది. ఎనభైల చివరి మాట. అప్పటికి ఆ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక, ఎవరో ఒకరింట్లో భోజనాలు ముగించుకుని కారులో తిరిగి వస్తుండేవాళ్లం. కారు నేనే నడిపేదాన్ని. కళ్లు రోడ్డు మీదే ఉన్నా, పక్కనే ఆ పసుపు కొండలు సాగుతుంటే నాకు తెలియకుండానే మాట మానేసేదాన్ని.

"మళ్లీ జాంబియా వెళ్లిపోయావా?" అనేవారు మావారు.

వెనక సీటులోంచి మా అమ్మాయి అమెరికన్ యాసలో, "మమ్మీ, ఎగ్జిట్ మిస్ అవుతావ్," అనేది.

నిజంగానే వెళ్లిపోయేదాన్ని.

డెబ్బైల చివర్లో మేమిద్దరం టీచర్లుగా జాంబియా వెళ్లాం. ఆయన సైన్సు, నేను లెక్కలు. మజబూకా అని చిన్న ఊరు. చుట్టూ చెరకు తోటలు ఉండటంతో, గోదావరి కాలవల పక్కన పుట్టిన మా ఇద్దరికీ ఆ ఊరు పరాయిగా అనిపించలేదు. పొద్దున్నే బడికి నడుస్తుంటే ఎదురైన ప్రతివాళ్లూ "మ్వబూకా బూటి" అని పలకరించేవారు. ఎలా నిద్ర లేచారని అడగడమట. హడావిడిగా దాటిపోతూ అడిగే మాట కాదది. నిలబడి, రెండు చేతులూ మెల్లగా చరిచి, జవాబు విని మరీ కదిలేవారు. కొన్నాళ్లకి నాకూ అదే అలవాటైంది. బడికి వెళ్లేసరికి రోజూ కొంచెం ఆలస్యమయ్యేది.

దుకాణాల్లో ఒక నెల నూనె ఉండేది కాదు, ఒక నెల సబ్బు ఉండేది కాదు. అయినా సంతలో మొదటిసారి లుమాండా అనే ఆకు చూసిన రోజు నాకు పండగే. తుంచి నాలుక మీద పెట్టుకుంటే గోంగూర. సాక్షాత్తూ మన గోంగూరే. ఆ ఆకు అమ్మే ఆవిడ నా మొహం చూసి నవ్వి ఇంకో కట్ట చేతిలో పెట్టింది. కపెంటా అనే చిన్న ఎండుచేపలు అచ్చం మన నెత్తళ్లే. ఆ రెండూ కలిపి వండిన రోజు మావారు మాట్లాడకుండా తిన్నారు. అదే పెద్ద మెచ్చుకోలు.

శనివారం వస్తే చాలు, ఆయనకి ఇంట్లో కాలు నిలిచేది కాదు. ఉడకబెట్టిన గుడ్లు, చపాతీలు, ఫ్లాస్కులో టీ సర్దుకుని, మా పాత తెల్ల కారులో బయల్దేరేవాళ్లం. తిన్నగా పోయే రోడ్డు, రెండు పక్కలా మనిషెత్తు పసుపు గడ్డి, అంతకంటే ఎత్తుగా ఎర్రటి చెదపుట్టలు. గంటలకొద్దీ ఏమీ మారేది కాదు. ఆ ఏమీ మారకపోవడంలోనే కళ్లు తెరిచి నిద్రపోతున్నట్టు ఉండేది.

నాకు డ్రైవింగ్ నేర్పింది మా బళ్లో జాగ్రఫీ టీచరు. ఆ ఊళ్లో నాకు దొరికిన ఒకే ఒక్క స్నేహితురాలు ఆవిడ. సాయంత్రాలు బడి మైదానంలో నా పక్కన కూర్చుని, "మై సిస్టర్, బ్రేకు నీ శత్రువు కాదు, అంత గట్టిగా తొక్కకు," అని ఇంగ్లీషులో చెప్పి పడిపడి నవ్వేది. మైదానం చుట్టూ తిరగడం, సంత దాకా వెళ్లి రావడం వచ్చాయి. అంతకు మించి ఎప్పుడూ నడపలేదు.

ఒక శనివారం కరీబా సరస్సుకి వెళ్లాం. మా అమ్మాయికి అప్పుడు ఐదేళ్లు. సరస్సు ఎంత పెద్దదంటే అవతలి ఒడ్డు ఆకాశంలో కలిసిపోయింది. ఆనకట్ట కట్టినప్పుడు నీళ్లలో మునిగిపోయిన అడవి తాలూకు ఎండు చెట్లు తెల్లగా నిలబడి ఉన్నాయి. వాటి మీద నల్లటి పక్షులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఆ రాత్రి అక్కడే ఒక గెస్ట్ హౌస్‌లో ఉండిపోయాం.

ఆదివారం పొద్దున్న ఆయనకి వణుకు మొదలైంది. సరస్సు గాలి అన్నారు. టీ తాగి వాంతి చేసుకున్నారు. నుదురు ముట్టుకుంటే చెయ్యి కాలింది. మలేరియా ఎలా వస్తుందో ఆ దేశంలో ఉన్నవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. అక్కడున్న చిన్న క్లినిక్‌కి ఆదివారం సెలవు.

"నేను నడుపుతానండీ," అన్నాను.

"నీకు రివర్సే రాదు కదా."

"ఇంటికి వెళ్లడానికి రివర్స్ ఎందుకు?"

ఆయన నా వైపు చూశారు. వాదించే ఓపిక లేక తాళాలు ఇచ్చేశారు. పక్క సీటు వెనక్కి వాల్చి, దుప్పటి కప్పి పడుకోబెట్టాను. ఒక్క క్షణం స్టీరింగ్ మీద తల ఆనించి ప్రార్థన చేసుకుని బయల్దేరాను.

లోయలో రోడ్డు మెలికలు తిరుగుతోంది. పీపాల్లాంటి మానులున్న బావొబాబ్ చెట్లు ఒక్కొక్కటే వచ్చి వెళ్లిపోతున్నాయి. ఒక మలుపు తిరగగానే రోడ్డు మధ్యలో ఏనుగు.

కారు ఆపాను. వెనక్కి వెళ్లడం రాదు కనుక ఇంజన్ కూడా ఆపేశాను. తెలివితో చేసిన పని కాదు, చేతనైంది అదే. గడ్డిలోంచి ఇంకో ఏనుగు వచ్చింది. దాని వెనక ఇంకోటి, వాటి కాళ్ల పక్కన గున్నలు.

"అమ్మా, హారన్ కొట్టు," అంది మా అమ్మాయి మెల్లగా.

"వద్దమ్మా. మనం వాళ్ల వీధిలో ఉన్నాం."

అవి మాకు ఎంత దగ్గరగా దాటాయంటే కిటికీ నిండా బూడిదరంగు చర్మం తప్ప ఇంకేమీ కనపడలేదు. చర్మం మీద ముడతలు, ముడతల్లో ఎండిన బురద. కారు లోపల వెలుతురు తగ్గి మళ్లీ వచ్చేది, మళ్లీ తగ్గేది. ఇంత పెద్ద జంతువులు నడుస్తుంటే అడుగుల చప్పుడే లేదు. వాటి ఊపిరి మాత్రం వినపడింది.

మావారు కళ్లు సగం తెరిచి, "లాకులు ఎత్తారా? నీళ్లొస్తున్నాయా?" అన్నారు. ఆయన ఎక్కడో కాలవ గట్టు మీద ఉన్నారు.

"వస్తున్నాయండీ, పడుకోండి," అన్నాను.

"నాన్న ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది అమ్మాయి.

"కలలో ఉన్నారమ్మా."

మొదట వచ్చిన పెద్ద ఏనుగు మాత్రం కదల్లేదు. గున్నలు దాటేదాకా కారుకీ వాటికీ మధ్య నిలబడింది. చెవులు ఒకసారి విప్పి నా వైపు చూసింది. భయపడాల్సిన సమయమే అది. కానీ నాకు భయం వేయలేదు. నా పక్కన జ్వరంతో మనిషి, వెనక పిల్ల, ఎదురుగా అది. ఇద్దరు ఇల్లాళ్లం రోడ్డు మీద ఎదురుపడి, ఎవరి వాళ్లని వాళ్లు చూసుకుంటున్నట్టు అనిపించింది. తర్వాత అది కూడా గడ్డిలోకి వెళ్లింది. గడ్డి మూసుకుంది.

కారు ఒక పట్టాన స్టార్ట్ కాలేదు. అయ్యాక, రాగి మోసుకెళ్లే లారీల వెనక, అక్కడివాళ్లు ఎస్కార్ప్‌మెంట్ అనే ఘాట్ రోడ్డంతా నెమ్మదిగా ఎక్కించాను. ఎప్పుడు ఏ గేరు వేశానో గుర్తు లేదు. చెరకు తోటలు కనపడ్డాక గానీ ఏడుపు రాలేదు.

ఆస్పత్రిలో రక్తం చూసి మలేరియా అన్నారు, క్వినైన్ ఎక్కించారు. వారమంతా మా అమ్మాయిని జాగ్రఫీ టీచరు తన ఇంట్లోనే ఉంచుకుంది. రోజూ ఆస్పత్రికి వచ్చి నా పక్కన బెంచీ మీద ఊరికే కూర్చునేది. ఒక రోజు, "ఎస్కార్ప్‌మెంట్ ఎక్కించావా, నువ్వు?" అని అడిగి, నేను తల ఊపితే నా చెయ్యి పట్టుకుంది. ఆ రోజు మాత్రం నవ్వలేదు.

జ్వరం తగ్గాక మావారు అన్నారు: "వచ్చేటప్పుడు చిత్రమైన కల వచ్చిందే. ఇంటి గోడలు లేచి, ఒకదాని వెనక ఒకటి మన పక్కనుంచి నడిచి వెళ్లిపోతున్నాయి. చప్పుడు లేకుండా."

ఏనుగులని చెప్పాను. చాలాసేపు నమ్మలేదు. నమ్మాక కొంచెం దిగులు పడ్డారు, చూడలేకపోయానని. అప్పటినుంచీ దూర ప్రయాణాలకి తాళాలు నాకే ఇచ్చేవారు. రివర్స్ కూడా నేర్చుకున్నాను.

ఆ దేశం వదిలే ముందు చివరి ప్రయాణం లివింగ్‌స్టన్‌కి, విక్టోరియా జలపాతం చూడటానికి. జలపాతం ఎక్కడుందో కనపడక ముందే తుంపర మేఘంలా లేచి మా మీద పడింది. ముగ్గురం నిలువునా తడిసిపోయాం. ఆ హోరులో మావారు నా చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పారు. ఒక్క ముక్క వినపడలేదు. అయినా తల ఊపాను. ఆయన తృప్తిగా నవ్వారు.

కారులో కూర్చుని జుట్టు పిండుకుంటూ అడిగాను, "ఇందాక ఏమన్నారు?"

"ఏదో అన్నాను. నువ్వు సరే అన్నావుగా," అన్నారు.