వరద నెలల కొలతలు

సముద్రపు నీటిలోని ఒంటికణపు జీవిని తూచడం ఎవరి వల్లా కాదు. కంటికే ఆనని దాన్ని ఏ త్రాసులో పెడతాం? అందుకని మైక్రోస్కోపు కింద దాని పొడవూ వెడల్పూ కొలుస్తాం. గుడ్డులా ఉందా, గొట్టంలా ఉందా చూసుకుని ఘనపరిమాణం కడతాం. దాన్ని సూత్రంలో వేస్తే ఆ కణంలో కార్బన్ ఎంత, నైట్రోజన్ ఎంత అన్నది ఒక అంచనాగా తేలుతుంది. మా నాన్న ధాన్యం రాశి చుట్టూ ఒకసారి తిరిగి ఎన్ని బస్తాలవుతాయో చెప్పేవారు. నేను చేసేదీ దాదాపు అదే. కాకపోతే ఆయన సాయంత్రానికల్లా బస్తాల్లోకి ఎత్తించి చూసుకునేవారు. నాకు ఆ సదుపాయం లేదు.

నీళ్ళు వడగట్టి కాలిస్తే లెక్క చెప్పే యంత్రాలున్నాయిగా అంటారు తెలిసినవాళ్ళు. ఉన్నాయి. కానీ కృష్ణ సముద్రంలో కలిసేచోట ఆ నీళ్ళలో కణాలకన్నా ఒండ్రే ఎక్కువ. యంత్రానికి ఒండ్రూ ఒకటే, ప్రాణమున్నదీ ఒకటే. అందుకే ఆరేళ్ళపాటు ఒక్కో కణాన్నీ కొలుస్తూ కూర్చున్నాను. వారమంతా విజయవాడ కాలేజీలో పాఠాలు, ఆదివారం ఖాళీ ల్యాబు. నెలకోసారి మొదటి బస్సెక్కి నాగాయలంక వెళ్ళి, పడవలో నది సముద్రంలో కలిసే మొగ దాటి, సీసాల్లో నీళ్ళు పట్టి, చెడిపోకుండా అయొడిన్ వేసి తెచ్చుకునేదాన్ని. మెడనొప్పి, కళ్ళమంట, ఇంట్లో సణుగుడు. పీహెచ్‌డీ ఎందుకు మొదలుపెట్టానో కూడా మర్చిపోయాను.

నాలుగో ఏడు బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారు. మా వదిన వాళ్ళింట్లో నడుంలోతు నీళ్ళు. నాలుగు రోజులు వాళ్ళంతా మా ఇంట్లోనే ఉన్నారు. వరద తగ్గాక మా వదిన తడిసిన పరుపులు రోడ్డు మీద ఆరేసుకుంటుంటే, నేను సీసాలు సర్దుకుని పడవెక్కడానికి వెళ్ళాను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. తర్వాత రెండు నెలలూ అలాగే వెళ్ళి నీళ్ళు తెచ్చాను.

ఆ సీసాలు కొలవడం మొదలుపెట్టింది దసరా సెలవుల తర్వాత. కణాలు బలిసి కనిపించాయి! అంతకుముందు మూడేళ్ళలో అవే జాతులు అంత పెద్దవిగా ఎప్పుడూ లేవు. నది పొలాల ఎరువంతా కడిగి తెచ్చి సముద్రంలో పోసింది, నైట్రోజన్ దొరికి కణాలు పుంజుకున్నాయి అని రాసుకున్నాను. మా గైడుగారు ఆ పట్టికను రెండుసార్లు చూశారు.

"ఇదేనమ్మా నీ థీసిస్. తక్కినదంతా దీనికి ముందుమాట" అన్నారు.

ఉద్యోగం వచ్చిన రోజున కూడా నేనంత సంతోషపడలేదు.

థీసిస్ ఇవ్వాల్సిన గడువు ఇంకా నాలుగు నెలలుందనగా, నోటుబుక్కులో ఒక అంకె టీ మరక కింద చెరిగిపోయిందని ఆ వరద సీసానే తీసి మళ్ళీ కొలిచాను. కణాలు చిన్నవిగా వచ్చాయి. అయొడిన్‌లో నానితే ముడుచుకుంటాయి కదా అని సర్దిచెప్పుకున్నాను. అయినా మనసొప్పక, కొలతలు చెక్కిన గాజుపలక పెట్టి మైక్రోస్కోపునే సరిచూశాను. ఇప్పుడది సరిగ్గానే ఉంది. అంటే తప్పింది అప్పటి కొలత.

దసరాకి ఆటోనగర్‌లో లేతు మిషన్లకు చేసినట్టే మా ల్యాబులో మైక్రోస్కోపులకు ఆయుధపూజ చేస్తాం. పైపైన తుడిస్తే మా అటెండరుగారు ఊరుకోరు. కన్ను ఆనించి చూసే ఐపీసులన్నీ ఊడదీసి, తుడిచి, పళ్ళెంలో పేర్చి, పూజయ్యాక మళ్ళీ బిగించాలి. వరద వచ్చిన ఆ ఏడు ఆయనకు ఒంట్లో బాగాలేక ఆ పని నేనే చేశాను. కొలిచే గీతలున్న ఐపీసులు మాకు రెండే. చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కానీ ఒకదానిలో గీతలు కాస్త దగ్గర. అది బిగించి రెండోదాని లెక్క వేస్తే ప్రతి కణమూ పదోవంతు పొడుగ్గా వస్తుంది. పొడవులో పదోవంతు తప్పితే ఘనపరిమాణంలో మూడోవంతు తప్పుతుంది. భక్తిగా తుడిచాను, తిరిగి సరిచూడలేదు.

పూజ రోజున ఐపీసు మార్చి బిగించానేమోనని అటెండరుగారిని అడిగాను.

"అదొక్కటే కాదండీ మేడంగారూ. నేను మంచంమీదున్న ఆ రెండు నెలలూ ప్రాక్టికల్సప్పుడు పిల్లలు కూడా అటువి ఇటు పెట్టేసుంటారండీ, నేనుంటే చూసి సర్దేవాణ్ణి. ఏ రోజు ఏది ఎందులో ఉందో ఆ దుర్గమ్మకే తెలియాలి."

గైడుగారు తేలిగ్గానే తీసుకున్నారు.

"పదోవంతు తగ్గించి వేసెయ్యమ్మా."

"ఏ రోజువి తగ్గించాలో తెలియదు సార్. కొన్ని రోజులు సరైనదే ఉండి ఉండొచ్చు."

"అయితే అలాగే వదిలెయ్. నిజంగానే బలిశాయేమో! నీకేం తెలుసు?"

"తెలియదు సార్. తెలియదు కాబట్టే వదల్లేను."

ఆయన నా వైపు జాలిగా చూశారు. నాకు కోపం రావాల్సింది. అంత ఓపిక కూడా లేకపోయింది.

మళ్ళీ కొలుద్దామని వరద సీసాలన్నీ దించాను. ఆ ఒక్క సీసాలో తప్ప అయొడిన్ రంగు వెలిసిపోయి, కణాలు చాలావరకు చితికి అడుగున మడ్డి కట్టి ఉన్నాయి. వరద నెలల అధ్యాయం మొత్తం తీసేసి, మిగిలినదాన్ని సమర్పించాను. మౌఖిక పరీక్షలో ఒకాయన "వరద నెలలు లేవేంటండీ?" అని అడిగారు. "కొలత తప్పానండీ" అన్నాను. ఆయన పేజీ తిప్పారు. డాక్టరేటు వచ్చింది. కాలేజీలో అందరూ పూర్ణాలు తిన్నారు.

ఆ మరుసటి ఆగస్టులో పైన డ్యాములు నిండాయని వార్తల్లో చెబుతున్నారు. మా వదిన ఫోన్ చేసింది.

"ఈసారి కూడా వస్తుందంటావా? సామాన్లు పైకెక్కించమంటావా?"

"రాదులే వదినా, భయపడకు" అన్నాను.

ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఉన్నాను. చేతులు మళ్ళీ నాగాయలంకకు పట్టుకెళ్ళే సీసాలు కడుగుతున్నాయి. గేట్లన్నీ ఎత్తాలని, వరద రావాలని మనసులో కోరుకుంటున్నాను.