రెండు ఇటుకలూ ఒక పాత పేపరూ

2004 జూలై. అప్పుడు నేను ఏలూరులో ఒక పిల్లల క్లినిక్‌లో స్టాఫ్ నర్సుని. డాక్టరమ్మగారి గదిలోకి పంపేముందు పిల్లల బరువు చూసి, జబ్బేమిటో అడిగి చీటీ మీద రాయడం నా పని. అప్పటికి పదకొండేళ్ళ అనుభవం. దానికి తగ్గ నోటిదురుసు కూడా ఉండేది.

ఒక సోమవారం వట్లూరు నుంచి రత్నం అనే అమ్మాయి తన మూడున్నరేళ్ళ కూతురు చిన్నిని తీసుకొచ్చింది.

"విరేచనాలండీ సిస్టర్ గారూ. రోజుకి నాలుగైదు డ్రాయర్లు పాడుచేస్తోందండి. రెండేళ్ళప్పుడే చక్కగా చెప్పి వెళ్ళేదండి. ఇప్పుడేమో బళ్ళో ఆయమ్మ, తగ్గాకే పంపండని తిప్పి పంపేసిందండి." గొంతు తగ్గించి, "నిన్న కొట్టేశానండి" అంది.

నేను చీటీ మీద 'లూజ్ మోషన్స్' అని రాసేశాను. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఆమె చేతిలో పెట్టి, చిన్ని బుగ్గ గిల్లి, "ఇంత పెద్దదానివి, సిగ్గు లేదుటే నీకు?" అన్నాను. సరదాకే అన్నాను. పిల్ల తల దించుకుంది.

డాక్టరమ్మగారు పొట్ట నొక్కి చూసి నన్ను పిలిచారు. "ఇక్కడ చెయ్యి పెట్టండి సిస్టర్." ఎడమవైపు కింద గట్టిగా ముద్ద తగిలింది. "ఇవి విరేచనాలు కావు, మలబద్ధకం. గట్టిపడిన మలం లోపల అడ్డం పడితే దాని పక్కనుంచి నీళ్ళగా కారుతుంది. ఓవర్‌ఫ్లో అంటాం. కారుతున్నట్టు పిల్లకి తెలియను కూడా తెలియదు."

"తెలీదాండీ?" అంది రత్నం. చిన్ని వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

అంతలో చిన్ని బల్లకోడు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడింది. కాళ్ళు మెలివేసింది, మొహం ఎర్రబడింది. "అదిగో చూడండి, ముక్కుతోందండి, రావట్లేదండి" అంది రత్నం.

"ముక్కడం కాదమ్మా. రాకుండా బిగబట్టుకుంటోంది" అన్నారు డాక్టరమ్మగారు. నొప్పికి భయపడి పిల్లలిలా ఆపుకోవడాన్ని స్టూల్ విత్‌హోల్డింగ్ అంటారు.

అడగ్గా అడగ్గా సంగతి బయటపడింది. కొల్లేటి పక్క ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ చిన్ని చేపల చెరువు గట్టు మీద, అమ్మమ్మ చెప్పే కబుర్లు వింటూ పని కానిచ్చేది. వేసవిలో వట్లూరు అద్దె ఇంటికి మారారు. అక్కడి మరుగుదొడ్డి చీకటి. పాదాలు పెట్టే చోట్లు చిన్ని కాళ్ళకి మరీ ఎడం. భయపడి ఆపుకుంది, గట్టిపడి నొప్పిపుట్టింది. చూడవచ్చిన అమ్మమ్మ తమలపాకు కాడ ఆముదంలో ముంచి కిందనుంచి పెట్టింది. అప్పటినుంచి పిల్ల అటువైపు వెళ్తే ఒట్టు.

"ఇంక కిందనుంచి ఏదీ పెట్టొద్దు" అన్నారు డాక్టరమ్మగారు. మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్ సిరప్ రాసి, నెలల తరబడి వాడాలన్నారు. అన్నం తిన్నాక ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, వచ్చినా రాకపోయినా తిట్టకూడదు.

"ఎక్కడ కూర్చోబెట్టనండి? గట్టు తేలేను కదండీ."

"పెరట్లో రెండు ఇటుకలు దగ్గరగా పెట్టి, మధ్యలో పాత పేపరు వెయ్యి" అన్నాను.

"ఇంటిగలావిడ ఊరుకోరండి."

మాదీ వట్లూరే. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక నేనే వెళ్ళాను. ఇంటిగలావిడ రిటైరైన టీచరు. "ఏవండీ, నా పూలమొక్కల దగ్గరా?" అని మొహం చిట్లించారు. పిల్ల ఎందుకు భయపడుతోందో వివరంగా చెప్పాను. ఆవిడ లోపలికెళ్ళి పాత పేపర్ల కట్ట తెచ్చారు. "అరటిచెట్టు వైపు పెట్టుకోమనండి" అన్నారు.

రత్నం రోజూ ఎదురుగా కూర్చుని వాళ్ళమ్మలాగే కబుర్లు చెప్పేది. పదోరోజున మెత్తగా, నొప్పి లేకుండా అయింది. సిరప్ ఆపేద్దామా అని రెండుసార్లు వచ్చి అడిగింది. డాక్టరమ్మగారు ససేమిరా అన్నారు. మెల్లగా డ్రాయర్లు పాడవడం మానేశాయి. దసరా సెలవులు అయ్యాక బళ్ళో మళ్ళీ చేర్చుకున్నారు.

ఆ వారమే రత్నం యూనిఫాంలో చిన్నిని చూపించడానికి తెచ్చింది. చిన్ని తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి గర్వంగా చెప్పింది.

"ఆంటీ, నాకిప్పుడు సిగ్గుంది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను ఆ రోజే మర్చిపోయిన మాటని మూడు నెలలుగా ఆ పిల్ల మోసింది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "తప్పు నీది కాదమ్మా, నాది" అన్నాను. ఎంత అర్థమైందో తెలియదు, నా పెన్ను అడిగి తీసుకుంది.

ఇప్పటికీ విరేచనాలని వచ్చిన ప్రతి తల్లినీ, అంతకుముందు ఎప్పుడు సరిగ్గా అయిందని అడుగుతాను. పిల్లల్ని మాత్రం ఏమీ అనను.