అరగంట చూపు

"కదలొద్దవ్వా" అన్నాను మూడోసారి. అవ్వ కదల్లేదు గానీ, నోరు ఆగితే కదా.

"ఎంతసేపు మే? నడుము పట్టుకుంటాండాది. ఫోన్లో ఫోటో తీసుకోని చూడగూడదా?"

అదే నా చిక్కు. పదో తరగతితో చదువు ఆపి, బద్వేల్లో చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ నేను వేసిన బొమ్మలన్నీ ఫోన్లో ఫోటోలు చూసి వేసినవే. మర్నాడు కడపలో బొమ్మలు నేర్పే చోట నా మొదటి క్లాసు. అక్కడ ఎదురుగా ఒక మనిషి కూర్చుంటారు, అరగంట చూస్తూ గీయాలి అని అక్కడి సార్ చెప్పారు. కాగితాలు కొన్నాను. పొద్దున్నే పెరట్లో, కందికట్టెలను మూత బిగించిన డబ్బాలో పెట్టి కాల్చి గీయడానికి బొగ్గు చేసుకున్నాను. అన్నీ ఉన్నాయి. కానీ ఒక మనిషిని అరగంట చూడడం ఎప్పుడైనా చేశానా? అందుకే అవ్వను కూర్చోబెట్టాను.

కిటికీ వెలుగు అవ్వ చెంప మీదికి వచ్చి అక్కడే ఉండిపోయింది. చూస్తూ చూస్తూ అది అవ్వ ముఖమనే మరిచిపోయాను. రెప్ప కింద ఒక నీడ, దాని లోపల ఇంకొక పలచని నీడ. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ముఖంలో, ఎడమ కనుబొమ్మ చివర చిన్న మచ్చ ఉందని అప్పుడే తెలిసింది. బొగ్గు దానంతటదే నడుస్తున్నట్టుంది. వీధిలో చప్పుళ్లు ఎక్కడో దూరంగా, నీళ్ల అడుగున ఉన్నట్టు వినిపించాయి.

"చాలు లెయ్. రెప్పెయ్యకుండా చూస్తాండావు, తలకాయ నొస్తాంది. దిష్టి తగిలినట్టుండాది."

"మనవరాలి దిష్టి తగులుతాదా?"

"ఇంట్లోవాళ్లదే శానా తగిలేది."

కల్లుప్పు, ఎండుమిరపకాయలు గుప్పెట్లో పట్టుకుని అవ్వ చుట్టూ మూడుసార్లు తిప్పి, పెరట్లో ఇంకా ఆరని నిప్పుల్లో వేశాను. ఉప్పు చిటపటలాడింది. మిరపకాయలు నల్లబడ్డాయి గానీ ఘాటు రాలేదు.

"చూస్తివా? ఘాటే రాలా. ఎంత దిష్టి పెట్టినావో."

సొంత అవ్వకే ఇంత తగిలితే, ముక్కూ మొహం తెలియని మనిషిని అరగంట ఎట్లా చూసేది? "నేను రేపు పోను లే అవ్వా" అన్నాను.

అవ్వ నా చేతిలో కాగితం తీసుకుని వెలుగులో పట్టుకుంది. చాలాసేపు చూసింది. బొమ్మలో కనుబొమ్మ చివర వేలు పెట్టి ఆగింది.

"ఈ మచ్చ యాడ చూసినావు? చిన్నప్పుడు గడప తగిలి పడినా. మీ తాత గూడా ఎప్పుడూ అడగలా."

"ఉండాది కదా, వేసినా."

"అయితే పో" అంది, కాగితం ఇవ్వకుండా. "ఆ కూచునే ఆయమ్మకు గూడా దిష్టి తియ్యి, మర్చిపోవద్దు."

మర్నాడు పొద్దున బస్సెక్కే ముందు, సంచిలో బొగ్గు డబ్బా పక్కన, కల్లుప్పూ నాలుగు ఎండుమిరపకాయలూ పొట్లం కట్టి పెట్టుకున్నాను.