అత్తగారికి సరిపడే లెన్స్

లుతాయా గురించి కంపాలా దగ్గరి మిట్యానా ఊళ్లో ఎవరినడిగినా రెండు మాటలు చెబుతారు. పెళ్లి వీడియోలు తీయడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడన్నది మొదటిది. లెన్సుల గురించి మొదలుపెట్టాడంటే పక్కవాడి టీ చల్లారిపోవలసిందే అన్నది రెండోది. బస్టాండు దగ్గర చపాతీలో గుడ్డు చుట్టి అమ్మే అతనికి కూడా ఇప్పుడు వెలుతురు, దూరం, ఫోకస్ అంటే ఏమిటో తెలుసు. పాపం, ఎవరూ అతని ఇష్టం అడిగి నేర్పలేదు.

"నేను సైన్సు మనిషిని," అనేవాడు లుతాయా. "ముసలివాళ్ల భయాలు నా దగ్గర చెల్లవు."

అంతటి సైన్సు మనిషీ పెళ్లయిన పదకొండేళ్లలో అత్తగారికి నలభై అంగల దూరంలోకి ఒక్కసారీ పోలేదు.

దానికి కారణం ఉంది. అల్లుడు అత్తగారికి ఎదురుపడకూడదు. ఆమె కూర్చున్న చాప తొక్కకూడదు. ఆమె వస్తుంటే దారి దిగి అరటితోటలోకి తప్పుకోవాలి. తప్పుకోని అల్లుడికి ఒబుకో పట్టుకుంటుంది. చేతులు వణకడం మొదలవుతుంది, చచ్చేదాకా ఆగదు. కంపాలాలో ఇప్పుడు అత్తా అల్లుడూ ఒకే బల్ల మీద భోంచేస్తున్నారని అంటారు, అక్కడివాళ్ల చేతుల సంగతి మనకెందుకు? రైతు చేయి వణికితే నాలుగు చుక్కల సారా ఒలుకుతుంది, అంతే. కెమెరా పట్టేవాడి చేయి వణికితే ఇంట్లో పొయ్యి వెలగదు. లుతాయా సైన్సంతా ఆ పొయ్యి దగ్గర ఆగిపోయేది.

దీనివల్ల నష్టపోయింది మాత్రం అత్తగారు. ఆ ఇంట్లో ఏ వేడుక జరిగినా వీడియో తీసేది ఇంటల్లుడే. ఆమె కుడివైపు నుంచి వస్తే అతని కెమెరా ఎడమవైపుకి పారిపోయేది. పదకొండేళ్లలో ఒక పెళ్లి, మూడు బాప్తిస్మాలు, ఒక ఇంటికప్పు పండుగ జరిగాయి. వాటన్నిటిలో కలిపి ఆమెవి ఒక మోచెయ్యి, ఒక మడమ, నడుముకు కట్టిన నీలం పట్టీ అంచు మాత్రమే కనపడతాయి.

చిన్నకూతురు ఫ్లావియాకి సంబంధం కుదిరింది. మగపెళ్లివారు వచ్చి పిల్ల ఇంటివారికి తమను తాము పరిచయం చేసుకునే వేడుకకి రోజు పెట్టారు. అప్పుడు అత్తగారు నోరు విప్పింది. అల్లుడితో కాదు, అది కుదరదు కదా. వంటింట్లో కూర్చుని, అతని భార్య నకిటెండేతో, పెరటి చివరున్న అల్లుడికి వినపడేంత గట్టిగా అంది.

"ఒసే పిల్లా, ఇంటినిండా వీడియోలే. ఒక్కదాంట్లో నేను లేను. నా ముఖం ఉన్నదల్లా గుర్తింపు కార్డు మీద. అందులో మేకని దొంగిలించి దొరికిపోయినదానిలా ఉన్నాను. రేపు నేను పోతే నా శవపెట్టె మీద అదేనా అంటించేది?"

"విన్నారా, సూబీ నాన్నా?" అంది నకిటెండే ఇంటికెళ్లాక. సూబీ వాళ్ల కూతురు. "మా అమ్మకి ఒక్క మంచి బొమ్మ కావాలట. ఊరందరి అమ్మల ముఖాలూ తీస్తారు, మా అమ్మదే కుదరదు."

"ఈసారికి వేరేవాణ్ని పెట్టుకోమను."

ఆ మాట పెద్దాయన సలోంగో దగ్గరికి వెళ్లింది. ఈయన నకిటెండేకి పెదనాన్న, కవలల తండ్రి కాబట్టి ఆ బిరుదుతోనే పిలుస్తారు. "ఇంట్లో వడ్రంగి ఉండగా బజార్లో పీట కొంటామా?" అన్నాడాయన. పైసా ఇవ్వక్కర్లేని వడ్రంగి అన్న సంగతి మాత్రం ఎత్తలేదు. లుతాయా కక్కలేక మింగలేక రెండు రోజులు తిరిగి, మూడో రోజు కంపాలా వెళ్లే వ్యాను ఎక్కాడు.

కంపాలాలో ఒక మేడ మీద బోసా అనే అతను కెమెరా సామాన్లు అద్దెకిస్తాడు. లుతాయా కంటే నాలుగు మాటలు తక్కువ మాట్లాడతాడు, అందుకే ఇద్దరికీ పొసిగింది.

"ఎంత దూరం నుంచి తీయాలి?" అన్నాడు బోసా.

"నలభై అంగలు. యాభై అయినా మంచిదే."

"ఏమిటి, సింహమా?"

"అత్తగారు."

బోసా నవ్వలేదు. అతనికీ అత్తగారు ఉంది. చేతిలో కలం కింద పెట్టి, గొంతు తగ్గించి, "గొరిల్లాలని తీసేవాళ్లకి కూడా నేనే ఇస్తానయ్యా. గొరిల్లాకి పది గజాలు చాలంటారు," అన్నాడు.

"గొరిల్లా కూతుర్ని నేను చేసుకోలేదు కదా."

బోసా మూడు లెన్సులు తీసి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టాడు. మొదటిది పొట్టిది, తేలికైనది. దాంట్లో రెండు పందిళ్లూ పడతాయి గానీ అత్తగారి ముఖం చిక్కుడు గింజంత వస్తుంది. రెండోది పొడుగుదే, కానీ ఫోటోల కోసం చేసింది. జూమ్ తిప్పేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, ఫోకస్ జారిపోతుంది. ముఖం దాకా వచ్చేసరికి ఆమె బదులు మంచు కనపడుతుంది. మళ్లీ ఫోకస్ వెతుక్కునేలోగా ఆమె తల దించేస్తే, 'అత్తగారూ, ఇంకోసారి' అని అరవడానికి లేదు.

మూడోది సినిమా జూమ్. ఏడాది పిల్లంత బరువుంది. లుతాయా దాన్ని కెమెరాకి తగిలించి, కిటికీలోంచి వీధి అవతలి మేడ మొత్తాన్ని చూసి, చక్రం మెల్లగా తిప్పాడు. మేడ పోయి కిటికీ వచ్చింది, కిటికీ పోయి అందులో ఇస్త్రీ చేస్తున్న మనిషి వచ్చాడు, ఆ మనిషీ పోయి అతని మీసం మీది చెమట వచ్చింది. వెలుతురు తగ్గలేదు, ఫోకస్ జారలేదు. రోజంతా ఒక్కచోటే పాతుకుపోయి నిలబడవలసినవాడికి ఇంతకంటే ఏం కావాలి? పందిరి నుంచి చెవికమ్మ దాకా అన్నీ అదే చూసుకుంటుంది.

"ఇదే," అన్నాడు.

"దీనికి బరువైన స్టాండు కూడా పట్టుకెళ్లు. నీ పాతది దీన్ని మోయలేదు. జూమ్ చివరిదాకా తిప్పి చూస్తే ఊపిరి పీల్చినా బొమ్మ ఊగుతుంది."

లుతాయాకి రోషం వచ్చింది. "నాకా చెబుతున్నావు? మిట్యానాలో ఈ పాఠం చెప్పేదే నేను!" అని, లెన్సు ఒళ్లో పెట్టుకుని, స్టాండు అక్కడే వదిలేసి వచ్చాడు. తెలిసినవాడికి తెలిసిన సంగతి చెబితే ఇంతే.

వేడుక ముందురోజు మధ్యాహ్నం అతను అత్తవారి పెరట్లో అరటితోట అంచున కెమెరా నిలబెట్టాడు. సలోంగో వచ్చి, ఇదేదో చూద్దామని కన్ను పెట్టి, వెంటనే రెండడుగులు వెనక్కి గెంతాడు. అవతల వంటపాక దగ్గర కూర్చుని పచ్చి అరటికాయలు చెక్కు తీస్తున్న అత్తగారి చెవి ఆయనకి అరచెయ్యంత కనపడింది.

"ఆమె ఇక్కడే ఉంది!" అన్నాడు ఆయన.

ఇక పంచాయితీ మొదలైంది. పెద్దమనుషులు బెంచీలు లాక్కొచ్చారు.

"కాళ్లు నలభై అంగల అవతలే ఉన్నాయి, ఒప్పుకుంటాను," అన్నాడు సలోంగో. "కానీ కన్ను? కన్ను ఆమె చెవిలో దూరింది కదా! ఒబుకో కాళ్లని చూసి పడుతుందా, కళ్లని చూసి పడుతుందా?"

"అల్లుళ్లు అత్తలతో ఫోన్లో మాట్లాడటంలేదూ?" అంది పెళ్లికూతురి మేనత్త. ఆడపిల్లల విషయాల్లో ఆవిడదే ఆఖరి మాట. "గొంతు చెవిలోకి పోవటంలేదూ? దానికెవరి చేతులు వణికాయి?"

లుతాయాకి ఇదే అదను. "నేనెక్కడికీ వెళ్లనండీ," అంటూ అందుకున్నాడు. "ఆమె మీద పడ్డ వెలుతురే ఈ గాజులోకి నడిచి వస్తుంది. అది సైన్సు."

మేనత్త అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు వెళ్లినా, ఆమె వచ్చినా, చివరికి కలిసేది ఒకచోటే కదా నాయనా?"

అరటిసారా రెండు కుండలు ఖాళీ అయ్యాక తీర్పు చెప్పారు. తాడుతో నలభై అంగలు కొలిచి మేకు పాతాలి. అల్లుడు చూడవచ్చు గానీ, చూస్తూ ఉండిపోకూడదు. ఏం జరిగినా పెద్దలదే ఒప్పయ్యేలా ఉన్న ఆ తీర్పుని అందరూ మెచ్చుకున్నారు.

మర్నాడు పందిళ్లు రెండూ ఎదురెదురుగా నిండాయి. రెండు పక్షాల తరఫున మాట్లాడేవాళ్లు మూడు గంటలసేపు ఒకరినొకరు ఎకసెక్కాలాడుకున్నారు. బుట్టలు వచ్చాయి, అత్తగారి కోసం తెచ్చిన పట్టు గొమేసి, ఆడవాళ్లు వేడుకలకి వేసుకునే పొడుగు గౌను, వచ్చింది. ఆమె లేచి నిలబడి దాన్ని భుజాన వేయించుకుని తల ఎత్తింది.

లుతాయా చక్రం తిప్పాడు. పందిరి పోయి వరస వచ్చింది, వరస పోయి ముఖం వచ్చింది. పదకొండేళ్లుగా గొంతుగా మాత్రమే తెలిసిన మనిషి, గెడ్డం కింద చిన్న మచ్చతో, కళ్ల చుట్టూ ముడతలతో ఎదురుగా ఉంది.

ముఖం వణికింది. మొదట కొద్దిగా, తర్వాత ముక్కు ఒక పక్కనుంచి బయటికి పోయి మళ్లీ వచ్చేంతగా.

లుతాయా చేయి తీసి చూసుకున్నాడు. వణుకుతున్నట్టే ఉంది. చూసుకున్నకొద్దీ ఇంకా వణికింది. పదిహేనేళ్లుగా ఊరందరికీ చెప్పిన పాఠం ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. ఆరిన పొయ్యి గుర్తొచ్చింది. సూబీ బడి గుర్తొచ్చింది. కెమెరా వదిలేసి, కుడిచేతిని ఎడమ చంకలో దాచుకుని, అరటిచెట్టు మొదట్లో కూలబడ్డాడు.

ఆకులో ఉడికిన కోడికూర పట్టుకుని అప్పుడే వచ్చింది నకిటెండే.

"ఇదేమిటి, ఇక్కడ కూర్చున్నారు?"

"పట్టుకుందే."

"ఏం పట్టుకుంది?"

"ఒబుకో. నా పని అయిపోయింది. చూడు, మీ అమ్మ అందులో ఎలా వణికిపోతోందో."

ఆమె కూర కింద పెట్టి కెమెరాలోకి చూసింది. నిజమే, అమ్మ వణుకుతోంది. చక్రం మీద చేయి వేసి చూసింది. ఇంకా ఎక్కువ వణికింది.

"సూబీ నాన్నా, నేను పట్టుకున్నా వణుకుతోంది. నేను ఆమె కడుపున పుట్టినదాన్ని. నాకెక్కడి ఒబుకో?"

ఆమె వంగి స్టాండు కాళ్లు చూసింది. ఏడాది పిల్లంత బరువు కింద ఆ సన్నకాళ్లు ఈత కర్రల్లా ఊగుతున్నాయి. "లెన్సుకి పెట్టిన బుద్ధిలో కాస్త దీనికీ పెడితే ఏం పోయేది?" అంటూ, వంట కోసం కోసి ఉంచిన అరటిగెల ఒకటి ఈడ్చుకొచ్చి స్టాండు నడిమి కొక్కేనికి వేలాడదీసింది. మరలు బిగించింది. బొమ్మ బండలా నిలబడింది.

"ఇక లేవండి. సైన్సు మనిషట, సైన్సు!"

అతను లేచి వచ్చి కన్ను పెట్టాడు. సరిగ్గా అప్పుడే అత్తగారు, దూరాన కెమెరా పక్కన కూతురు నిలబడి ఉండటం చూసి, సూటిగా ఇటు తిరిగి నవ్వింది. పళ్ల మధ్య సందు ఉంది. సూబీకి ఉన్నదీ అదే సందు. రోజూ తన ఒళ్లో కూర్చుని నవ్వే నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో అతనికి ఇన్నాళ్లకి తెలిసింది. తీర్పు సంగతి మరిచిపోయి అతను చూస్తూ ఉండిపోయాడు. ఇంత మంచి ముఖానికి భయపడి పదకొండేళ్లు కెమెరా తిప్పుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

నాలుగు నిమిషాలు అలాగే తీశాడు. ఆ నాలుగు నిమిషాల్లోనే మేనత్త మగపెళ్లివారి పందిట్లోకి వెళ్లి, అందరిలోంచి పెళ్లికొడుకుని పోల్చి, చేయి పట్టుకుని లేవదీసింది. వేడుకంతా దాని కోసమే. అది వీడియోలో లేదు.

మర్నాడు పొద్దున్నే, లెన్సు కంపాలాకి తిరిగి పంపేలోగా, ఇంట్లో అందరూ చిన్న తెర ముందు కూర్చున్నారు. లుతాయా పద్ధతి ప్రకారం పెరటి చివర, మేకు అవతల టీ గ్లాసుతో నిలబడ్డాడు.

"నా మొగుడేడీ?" అని ఫ్లావియా ఏడుపు గొంతుతో అరవడం అక్కడికీ వినపడింది. "పెళ్లి నాదా, అమ్మదా? నాలుగు నిమిషాలూ అమ్మే!"

"అందుకే ఉండిపోవద్దన్నాం," అన్నాడు సలోంగో.

అత్తగారు మాత్రం నకిటెండేతో, గోడలు దాటి పోయే గొంతుతో అంది. "ఒసే, ఆ గొట్టం ఇంకా ఇక్కడే ఉందా?"

"ఉందమ్మా. ఇంకోసారి తీయమంటావా?"

"నా ముఖం బాగుంది, చాలు. పెట్టె మీదికి పనికొస్తుంది. దాన్ని అటు తిప్పు. పదకొండేళ్లుగా నా పిల్లని ఏలుకుంటున్నవాడి ముఖం నేనెప్పుడు చూశాను?"

దీని మీద పెద్దలు తీర్పేమీ ఇచ్చి ఉండలేదు మరి. నకిటెండే కెమెరాని, అరటిగెలతో సహా, వంటపాక ముందుకి జరిపించింది. అవతల లుతాయా అల్లాడిపోయాడు. ఎంతమంది పెళ్లికొడుకులకి 'తల ఎత్తు, చేతులు వదులు, సహజంగా ఉండు' అని చెప్పాడో! ఇప్పుడు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, టీ గ్లాసుని రెండు చేతులతోనూ పట్టుకుని నిలబడ్డాడు.

అత్తగారు గొమేసి సర్దుకుని, వంగి, కన్ను పెట్టింది. చక్రం ఎలా తిప్పాలో కూతురు చూపించింది. ఆమె తిప్పింది. తిప్పి, అలాగే ఉండిపోయింది.

"ఏమే, ఇతనికి తిండి పెడుతున్నావా లేదా? దవడలు లోపలికి పోయాయి."

"పెడుతున్నానమ్మా!"

"కళ్లెందుకు అలా తడిగా ఉన్నాయి?"

నకిటెండే చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. నలభై అంగల అవతల మనిషి ఉన్నాడన్నంత వరకే కనపడింది. "పొగేమో."

"పొయ్యి ఇక్కడుంటే పొగ అక్కడికెలా పోతుందే? నాకిందులో అంతా కనపడుతోంది."

ఆ మాట వినపడి లుతాయా చెంప తుడుచుకోబోయాడు.

"కదలొద్దని చెప్పు," అంది అత్తగారు.