ఉత్తుత్తి స్విట్జర్లాండ్

వెంకటనర్సు తన జన్మలో ఏ పనీ మొదటిసారి చెయ్యలేదు. ఆయన ఏది చేసినా అది రెండోసారే. మొదటిసారి అంతకు ముందే ఇంట్లో ఉత్తుత్తిగా జరిగిపోయి ఉండేది.

రేపు కంటి ఆపరేషన్ అంటే ఇవ్వాళే కన్నుకు గుడ్డ కట్టుకుని వాడంతా తిరిగి, ఎవరిదో బర్రెకు దండం పెట్టి వచ్చాడు. పెండ్లికి ముందురోజు దిండుకు పసుపుతాడు కట్టి మూడు ముళ్లూ వేసి చూసుకున్నాడట. ఆయన భార్య ఆండాళు ఈ ముచ్చట వచ్చిన వాళ్లందరికీ చెప్పేది. "నేను రెండో పెండ్లాన్నే అమ్మా. మొదటామె ఇంక మంచం మీదనే ఉన్నది. మెత్తటి మనిషి. నోరు గూడ లేదు."

రాష్ట్రం వచ్చిన కొత్తలో ఇంటింటి సర్వే అన్నప్పుడు ఇంకా తమాషా అయింది. ముందురోజు ఆయనే ఆఫీసరై, కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, ఇంటిల్లిపాదినీ నిలబెట్టి పేర్లూ వయసులూ అడిగాడు. తెల్లారి అసలు ఆఫీసరు వచ్చాడు. వెంకటనర్సుకు పాత్ర ఇంకా వదల్లేదు. "నీ పేరేంది? ఇంట్ల ఎంతమంది? సొంతిల్లా, కిరాయా?" అని గద్దించాడు. పాపం, ఆ ఆఫీసరు సగం వివరాలు చెప్పాక గానీ తేరుకోలేదు.

ఎందుకీ వేషాలని అడిగితే ఆయన మగ్గం వైపు వేలు చూపించేవాడు. ఆయనది చిటికి నేత. అందులో చీర మీది బొమ్మ నేసేటప్పుడు పుట్టదు. అంతకు ముందే నూలుకు రబ్బరు పట్టీలతో వేసే కట్లలో పుడుతుంది. కట్టు పడిన చోట రంగు ఎక్కదు. ఒక్క కట్టు పక్కకు జరిగిందంటే చిలుక ముక్కు పోయి తోక మీద కూర్చుంటుంది. "కట్టేటప్పుడే తప్పు దొరకబట్టాలె. రంగుల ముంచినంక మొత్తుకుంటే ఏమొస్తది?" అనేవాడు వెంకటనర్సు. నల్గొండలో వాళ్ల వాడకు ఆ మాట నచ్చలేదు. ఉత్తుత్తి నర్సు అని పేరు పెట్టేసి ఊరుకుంది.

ఆండాళుది దీనికి పూర్తిగా ఎదురు స్వభావమని అందరూ అనుకునేవాళ్లు. ఇంట్లోకి పాము వచ్చినా, ఇంటి ముందుకు పోలీసు వచ్చినా ముందు నిలబడేది ఆమే. ఆమె వెనకాల తలుపు చాటు నుంచి "ఏమే, పోయిందా?" అనే గొంతు వినిపించేది. ఆ గొంతు వెంకటనర్సుది.

సంధ్య ఆయన తమ్ముడి కూతురు. తల్లీతండ్రీ పోయినప్పటి నుంచి ఈ ఇంట్లోనే పెరిగింది. చదువుకుని జూనియర్ కాలేజీలో లెక్చరర్ అయింది. చిన్నప్పటి నుంచీ ఆమె ఒకటి గమనిస్తూ వచ్చింది. మగ్గం ఎదుటి గోడకు ఎప్పటిదో పాత క్యాలెండర్ ఉంది. దాని మీద మంచుకొండ, కొండ కింద నీలం చెరువు. పెద్దమ్మ ఇంట్లో ఇంకేది తుడిచినా తుడవకపోయినా ఆ కొండ మీద మాత్రం దుమ్ము పడనిచ్చేది కాదు. "గా మంచు ముట్టుకుంటే చెయ్యి కాలుతదా, జిల్లుమంటదా?" అని కండె మారుస్తూ తనలో తాను అడుక్కునేది.

ఆ యేడు వేసవి సెలవులకు ముందు సంధ్య తేల్చి చెప్పింది. "పెద్దమ్మా, మనం స్విట్జర్లాండ్ పోతున్నం. ఇంటర్లాకెన్ అని, రెండు చెరువుల నడుమ ఊరు. పడవలు, కొండెక్కే రైలు, తీగ మీద పోయే డబ్బాలు. పెద్ద గొడుగు కట్టుకొని గాలిల ఎగిరేటోళ్లు గూడ ఉంటరట."

"ఎగురుడు నాకెందుకే? మంచు ఉంటదా?"

"కొండ మీద ఎండాకాలం గూడ ఉంటదట."

ఆండాళు కండ్లు క్యాలెండర్ మీదికి పోయాయి. వెంకటనర్సు చేతిలోని రబ్బరు పట్టీ కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. ఏం రాబోతోందో సంధ్యకు తెలిసిపోయింది.

"బిడ్డా," అన్నాడాయన. "ఒక్కసారి ఉత్తుత్తిగ పోయొద్దాం."

మొదట విమానం. మగ్గం వెనకాల మూడు కుర్చీలు వరుసగా వేసి, చీర అంచులతో నడుములు కట్టించి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టాడు. కాళ్లు చాపొద్దు, లేవొద్దు. పక్కింటి బిక్షమ్మ వచ్చి కిటికీలోంచి తొంగి చూసింది.

"ఏం చేస్తున్నవ్ నర్సన్నా?"

"విమానంల ఉన్నం. దిగినంక మాట్లాడ్త."

"ఏడి దాంక వచ్చిండ్రు?"

"సముద్రం మీద."

"అయితే వచ్చేటప్పుడు జర కొత్తిమీర కట్ట తెండ్రి" అని చెప్పి బిక్షమ్మ పోయింది.

అంతలో వీధిలో ట్రాక్టరు పోతే ఇల్లు అదిరింది. "విమానం ఊగుతాంది!" అని వెంకటనర్సు కెవ్వుమన్నాడు. ఆండాళు కట్టు విప్పుకోకుండానే ఆయన చెయ్యి పట్టుకుంది. "ఊగనీ. నేనున్న గద."

తర్వాత చలి. నల్గొండలో మే నెల చలి అంటే ఊరవతలి కోల్డ్ స్టోరేజీ ఒక్కటే దిక్కు. నడి ఎండలో ముగ్గురూ స్వెటర్లు తొడుక్కుని, మంకీ టోపీలు పెట్టుకుని వీధి వెంట నడిచారు. జనం మొదట నవ్వారు. ఎక్కడికి పోతున్నారో తెలిశాక నవ్వు ఆపేసి, "మేం గూడ స్విట్జర్లాండ్ వస్తం నర్సన్నా" అంటూ వెంటపడ్డారు. కాపలాదారు ఎల్లయ్య ముగ్గుర్ని మాత్రమే లోపలికి వదిలాడు. మిర్చి బస్తాల నడుమ తుమ్ముతూ నిలబడ్డారు. కాసేపటికే వెంకటనర్సు పళ్లు టకటకలాడాయి. "నేను సస్త! నా బొక్కలు గడ్డకడ్తున్నయి!" ఆండాళు తన శాలువా తీసి ఆయనకు చుట్టి, అరచేతులు రుద్దుతూ నిలబడింది. తన చేతులు వణుకుతున్న సంగతి ఆమె పట్టించుకోలేదు.

తీగ మీద పోయే డబ్బాకు బదులు ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కారు. వెంకటనర్సు కేకలకు దాన్ని ఆపేశారు. ఆపినప్పుడు వీళ్ల డబ్బా సరిగ్గా పైన ఉంది. కింద కాలేజీ పిల్లలు గుమిగూడారు. వాళ్లలో సంధ్య దగ్గర చదివేవాళ్లూ ఉన్నారు. "మేడమ్, తాత బాగున్నడా?" అని కింది నుంచి అరిచారు. సంధ్య మంకీ టోపీ తేనందుకు బాధపడింది.

ఆఖరుది పడవ. పానగల్ చెరువులో పడవ నడిపే ఏసోబు ముగ్గురికీ లైఫ్ జాకెట్లు తొడిగాడు. ఆండాళు ఒక కాలు పడవలో పెట్టింది. పడవ కదిలింది. ఆమె అక్కడే ఆగిపోయింది. అప్పుడే వెనక నుంచి వెంకటనర్సు అందుకున్నాడు.

"నేనెక్క! నీళ్లు నా దిక్కే చూస్తున్నయి!"

"నీళ్లకు కండ్లుంటయా? నా మొకం చూడు, రా" అంటూ ఆండాళు లోపలికి ఎక్కి చెయ్యి చాచింది. చెరువు నడుమ దాకా ఆయన ఒర్లుతూనే ఉన్నాడు. ఆమె సముదాయిస్తూనే ఉంది. గట్టు మీద చేపలు పట్టేవాళ్లు గాలాలు వదిలేసి చూశారు.

ఇంటికి వచ్చాక సంధ్యకు ఓపిక అయిపోయింది. మంచు కోసం ఇన్నేండ్లు ఎదురుచూసిన మనిషి, తీరా మంచు ముందుకు పోయాక కూడా మొగుణ్ని ఓదారుస్తూనే ఉండాలా?

"పెద్దబాపూ, ఏమనుకోకు. నువ్వు రాకు. నేను పెద్దమ్మను తీస్కపోత."

వెంకటనర్సు ఒకసారి భార్య వైపు చూశాడు. "మంచిదే బిడ్డా" అని, పోయి కట్లు కట్టుకుంటూ కూర్చున్నాడు.

ఆండాళు కూడా "ఆయన్ను ఇంట్లనే ఉండనీ, పానం నిమ్మళంగుంటది" అని ధీమాగా అంది. మరునాటి నుంచి మాత్రం ప్రశ్నలు మొదలుపెట్టింది.

"విమానం నడుమల ఏడన్న ఆగుతదా?"

"ఆగదు పెద్దమ్మా."

"ఆగదా! మరి దిగాలనిపిస్తే?"

కొండెక్కే రైలు వెనక్కి జారదా? ఆ చెరువులో పడవ మన ఏసోబు పడవంత గట్టిదేనా? సంధ్య జవాబులు చెప్పేకొద్దీ ఆమె ముఖం చిన్నబోయింది. చివరికి మోకాళ్లు నొప్పులన్నది. వచ్చే యేడు చూద్దామన్నది. సంధ్య తల తిప్పి చూస్తే గోడ మీది క్యాలెండర్ తిరగేసి ఉంది. ఎందుకని అడిగితే, "దుమ్ము పడ్తాందే" అంది ఆండాళు అటు చూడకుండా.

మొగుణ్ని వదిలి రాలేక మోకాళ్ల మీద వంక పెడుతోందని సంధ్య అనుకుంది. వాళ్ల మీద కోపం, తన మీద ఇంకా కోపం. ఆ కోపంతోనే, పడవలో మరిచిపోయిన గొడుగు తెచ్చుకోవడానికి పానగల్ పోయింది. ఏసోబు గొడుగు ఇస్తూ, "మీ పెద్దబాపు మళ్ల ఎప్పుడొస్తడు మేడమ్?" అన్నాడు.

"ఇంకెందుకొస్తడు? ఆయన భయం చూసినవు గద."

"ఆయనకా? భయమా?" ఏసోబు పడీపడీ నవ్వాడు. "మీరు రాకముందు దినం ఒక్కడే వచ్చిండు. నా తెడ్డు గుంజుకొని ఆయనే ఏసిండు. నడిమిట్ల లేసి నిలబడి అటూ ఇటూ ఊపి చూసిండు. నాకే పానం పోయింది. 'ఆడోళ్లు ఏడ భయపడ్తరు? ఎక్కేటప్పుడా, నడుమలనా?' అని ఒకటే అడుగుడు. ఎక్కేటప్పుడేనని చెప్పిన."

సంధ్య అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. కోల్డ్ స్టోరేజీలో ఎల్లయ్య "మళ్లొచ్చినవా నర్సన్నా" అనడం అప్పుడు గుర్తుకొచ్చింది. ఆమె ఆ రోజు ఆ మాట చెవిన పెట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆండాళు బిక్షమ్మ ఇంట్లో ఉంది. వెంకటనర్సు కట్లు కడుతున్నాడు.

"పెద్దబాపూ, నీకు నీళ్లంటే భయం లేదు."

ఆయన తలుపు వైపు చూశాడు. "మెల్లగనే! అది ఇంటది."

"ఎందుకు గట్ల ఒర్లినవ్ మరి?"

వెంకటనర్సు నోట్లోని రబ్బరు పట్టీ తీసి పక్కన పెట్టాడు. "పెండ్లైన కొత్తల మీ పెద్దమ్మ బస్సెక్కకపోయేది. బస్సు కనబడ్తే కరెంటు స్తంభం పట్టుకొని ఏడ్సేది. ఒకనాడు వాళ్ల తల్లిగారింటి నుంచి వచ్చేటప్పుడు ఎట్లనో ఎక్కించిన. నార్కట్‌పల్లి దాటకముందే నా కడుపుల తిప్పి నేనే కక్కిన. ఇగ సూడు! నా తలకాయ పట్టుకున్నది, డ్రైవర్ను తిట్టింది, కండక్టర్‌తోని నీళ్లు తెప్పించింది. నల్గొండల దిగేదాంక బస్సుల ఉన్న సంగతే యాది లేదు దానికి. దిగినంక ఏమన్నదో ఎర్కేనా? 'నువ్వు భయపడకు, మళ్ల పోదాం' అన్నది."

"అప్పటిసంది?"

"అప్పటిసంది మా ఇంట్ల భయపడుడు నా పని."

"వాడంత నవ్వుతరు గద పెద్దబాపూ."

"నవ్వనీ. ఆండాళు దేనికీ జంకదని వాడంత అనుకుంటరు. అది గూడ గట్లనే అనుకుంటది. గా పేరు మనం చెడగొడ్తమా?"

"మరి ఉత్తుత్తిగ చేసుడెందుకు?"

"ఏడ భయపడాల్నో నాకు ఎర్కుండద్దా?" వెంకటనర్సు విసుక్కున్నాడు, ఇంత చదివీ ఇది తెలియదా అన్నట్టు. "అదిటు భయపడబోతుంటే నేనటు ముందుగాల భయపడాలె. అది భయపడ్డంక నేను భయపడి ఏం ఫాయిదా?"

సంధ్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "మరి దిండుకు తాడు కట్టింది?"

వెంకటనర్సు తల దించుకున్నాడు. "అది మాత్రం నా సొంత భయమే బిడ్డా."

హమ్మయ్య అనుకుంది సంధ్య. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పి లేదు, పెద్దబాపుకు పిరికితనం లేదు. ఊరు కాని ఊరికి వీళ్లను ఎట్లా తీసుకుపోవాలో ఇన్నాళ్లకు తెలిసింది.

ఆండాళు ఇంట్లోకి రాగానే సంధ్య ముఖం దిగాలుగా పెట్టింది. "పెద్దమ్మా, పెద్దబాపు వస్తనంటుండు. ఒక్కడే ఇంట్ల ఉండుడు గూడ భయమేనట. ఆయన్ను పట్టుకొని నేనొక్కదాన్ని ఎట్ల పోవాలె?"

"నువ్వెట్ల పట్టుకుంటవే? నీతోని ఆగుతడా ఆయన?" ఆండాళు చీర కుచ్చిళ్లు సర్దుకుని నిటారుగా నిలబడింది. మోకాళ్ల మాట మరి వినపడలేదు. "నేను రాకుంటే అయితదా? టికెట్లు తియ్యి."

సంధ్య లాప్‌టాప్ తెరిచి విమానంలో సీట్ల బొమ్మ చూపించింది. ఆండాళు దాని మీదికి వంగింది. "ఆయనకు కిటికీ పక్కన వద్దు. కిందికి చూసిండంటే విమానం ఆపమంటడు. కిటికీ కాడ నేను కూసుంట." వెంకటనర్సు బుద్ధిగా తలూపుతూ, అప్పుడే భయపడటం మొదలుపెట్టిన వాడిలా భార్య కొంగు చివర పట్టుకున్నాడు.

టికెట్లు ఖాయం చేసే మీట మీద సంధ్య వేలు ఆగింది. అది నొక్కితే అయిపోతుంది. ఆమె కూడా ఇప్పటిదాకా విమానం ఎక్కలేదు. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి ఆ సంగతి ఎవరికి చెప్పుకుంటుంది?

"పెద్దమ్మా," అంది చిన్నగా. "నాకు గూడ జర భయమైతాంది."

వెంకటనర్సు పక్కకు తిరిగి ఆమెకు కన్ను గీటాడు. బాగా చేస్తున్నావు, కానియ్యి అన్న మెచ్చుకోలు ఆ కంట్లో ఉంది. సంధ్య అరచేయి మాత్రం నిజంగానే చల్లబడింది.

ఆండాళు ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. ఒక చేత్తో ఆయన మణికట్టూ, ఇంకో చేత్తో ఆమె చల్లటి అరచేయీ గట్టిగా పట్టుకుంది.

"మంచిగనే దొరికిండ్రు ఇద్దరు! కిటికీ సీటు ఇంకెవలకన్న ఇయ్యి. నడుమ సీటు నాకు రాయి."