రెండు సైజులు పెద్ద కోటు

నాలుగేళ్ల కూతురికి ఎనిమిదేళ్ల పిల్ల తొడుక్కునే ఉన్నికోటు సగం ధరకు కొన్న ఘనుణ్ణి నేను. మా నాన్నది బట్టల కొట్టు. పిల్లలకెప్పుడూ పెరిగే సైజే కొంటాం. హైటెక్ సిటీ ఆఫీసు నన్ను ఉత్తరాదిన మంచు పడే ఓ చిన్న ఊరికి బదిలీ చేస్తే, చలికాలపు సరంజామా కోసం రోజంతా తిరిగి, కాళ్లీడ్చుకుంటూ కొండాపూర్ బస్సెక్కాం. సంచుల్లో చోటు లేక కోటు పాపకే తొడిగాం.

"దీనికి చలి పడదండీ. అక్కడ ఆయాసమొస్తే ఆసుపత్రైనా ఉంటుందా?" అంది మా ఆవిడ, ఆ రోజుకి పదోసారి.

ఎదురు సీటు పెద్దాయన కోటు అంచు పట్టి చూశాడు. "మిలిట్రీల మంచుల జేసిన సారూ. గింత లూజుంటే గాలంత లోపటికే వస్తది." తన దుప్పట్ల మూటకు కట్టిన నవారు విప్పి పాప నడుముకు బిగించాడు. "గిట్ల కట్టుకో బిడ్డా, ఇగ ఫికర్ లేదు."

"ఎంతిమ్మంటారు?" అన్నాను, అలవాటు కొద్దీ.

"దీనికి గూడ బేరమేనా?" అని నవ్వి, విడిపోతున్న మూటను రెండు చేతులా పొదివి పట్టుకుని రాయదుర్గంలో దిగిపోయాడు.

మా ఆవిడ ఆ మాట పదకొండోసారి అనలేదు.

చివరి లెక్క ఇదీ. కోటు మీద నేను మిగిల్చింది నూట ఇరవై రూపాయలు. అది పాపకు సరిపోయేసరికి మేం ఆ ఊరే వదిలేశాం. నాలుగు చలికాలాలు పాపను కాచింది మాత్రం నేను పైసా ఇవ్వని ఆ నవారు.